కంపెనీని ఏ రాష్ట్రమున రిజిస్టరు చేయవలెను?

గడచిన కొన్ని మాసములుగా మన సంఘపు వసారాలో ఒక ప్రశ్న మాటిమాటికి వినవచ్చుచున్నది. 2023వ సంవత్సరమున ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది మొదలు, రేకులు తీయు స్త్రీలును, వరి, కొబ్బరి, అరటి పండించు రైతులును కలసి పరిమిత బాధ్యతగల యొక సంస్థగా నేర్పడి, తమ సరకును దూరప్రాంతములకు తామే పంపుకొనవలెనను ఆలోచన పలువురకు కలిగినది. ఆలోచన మంచిదే. అయితే సంస్థను ఎచ్చట రిజిస్టరు చేయవలెనను దగ్గఱ అభిప్రాయములు మూడు విధములుగా చీలినవి. బ్యాంకులును బేరగాండ్రును ఉన్న హైదరాబాదే తగినదని కొందఱు. పిల్లలు అమెరికాలో నున్నారు గనుక అచ్చటి డెలవేరు రాష్ట్రముననో, వయోమింగు రాష్ట్రముననో చేయించిన ఖర్చు తక్కువయు, పేరు ఎక్కువయు నని మఱికొందఱు. మన యూరిలోనే ఉండవలెనని తక్కినవారు. ఈ మూడవ పక్షమే సరియైనదని మా నిశ్చితాభిప్రాయము. ఊరి మీది అభిమానముచే మాత్రమే మేమిట్లు చెప్పుటలేదు. కారణములు చదువరులు విచారింతురుగాక.

మొదట పరిమిత బాధ్యత యననేమో తెలిసికొనవలెను. సంస్థ అప్పులపాలైనచో సభ్యుడు తాను కొనిన వాటా సొమ్ము మాత్రమే పోగొట్టుకొనును; అతని యిల్లు, పొలము, ఇల్లాలి నగలు ఆ అప్పునకు పోవు. ఇది మన పెద్దలకు సులభముగా దొరకిన సౌకర్యము కాదు. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యతనే సాధారణ నియమముగా నుంచినది. 1912వ సంవత్సరపు చట్టము క్రిందను, రైతులు అధిక సంఖ్యాకులై సభ్యులకు అప్పులిచ్చు సంఘములకు ఆ నియమమే నిలిచినది. ఒకడు ఎగవేసిన బాకీ పొరుగువాని చేను మీదికి వచ్చునను భయముతోనే ఆనాటివారు ఒకరినొకరు కనిపెట్టుకొని యుండిరి. నేడు ఆ భయము తొలగినది. భయముతోపాటు కనిపెట్టు అలవాటును తొలగుచున్నది. పరిమిత బాధ్యత నష్టమునకు హద్దు గీయునే గాని, వాటా సొమ్మునకు కావలి కాయదు. మఱియొక మాట: డైరెక్టర్లు బ్యాంకుకు సొంత హామీ వ్రాసి యిచ్చినచో, ఆ హామీ మేరకు వారి సొంత ఆస్తియే బాధ్యత వహించును. ఏ రాష్ట్రమున రిజిస్టరు చేసినను ఈ రెండు విషయములు మాఱవు.

ఇక అమెరికా మాట. ఆ దేశమున ప్రతి రాష్ట్రమునకును వేఱువేఱు కంపెనీ చట్టములు కలవు. కావుననే అచ్చట ‘ఏ రాష్ట్రము’ అను ప్రశ్నకు నిజముగా అర్థమున్నది. పరిమిత బాధ్యతా కంపెనీ యను రూపమును వయోమింగు రాష్ట్రము 1977లో మొదట చట్టముగా జేసినది. డెలవేరు రాష్ట్రము 1992లో అట్టి చట్టము చేసినది. కంపెనీల వ్యాజ్యములను జూరీ లేకుండ, అందు ఆరితేరిన న్యాయమూర్తులే విచారించు ప్రత్యేక న్యాయస్థానము డెలవేరులో ఉండుటచే పెద్ద కంపెనీలు దాని నాశ్రయించును. కాని చిన్న అంగడివాని సంగతి వేఱు. వయోమింగులో రిజిస్టరు చేసికొని కాలిఫోర్నియాలో వ్యాపారము చేయువాడు కాలిఫోర్నియాలో బయటి కంపెనీగా మఱల నమోదు కావలసినదే. సామాన్యముగా ఏటేట కనీసము 800 డాలర్ల పన్ను అచ్చట చెల్లింపవలసినదే. అనగా రెండు చోట్ల రుసుములు, రెండు చోట్ల కాగితములు. ఎచ్చట పని చేయుదుమో అచ్చటనే రిజిస్టరు చేసికొనుట చిన్నవానికి మేలని ఆ దేశమందలి అనుభవమే చెప్పుచున్నది.

మన పిల్లలు అచ్చట రేకులు దిగుమతి చేసికొని అమ్మదలచినచో, తాము నివసించు రాష్ట్రమున తమ కంపెనీ తాము పెట్టుకొనవచ్చును. దానికిని మనకును కొనువానికి అమ్మువానికి గల సంబంధము చాలును. అంతేగాని, ఇచ్చటి రైతులు అచ్చటి కంపెనీలో వాటాదారులగుట తేలిక పని కాదు. విదేశములలో పెట్టుబడి పెట్టువారికి విదేశమారక ద్రవ్య నిర్వహణ చట్టమును, దాని క్రింద 2022లో వచ్చిన నియమములును వర్తించును. పది కుంచముల చేను గల రైతు ఈ చిక్కులో తల దూర్చవలసిన పనియేమి?

హైదరాబాదు వాదమును ఇప్పుడు చూతము. మన దేశమున కంపెనీల చట్టము ఒక్కటే. వ్యాపార సంస్థల స్థాపన రాజ్యాంగమందలి కేంద్ర జాబితాలో నున్నది. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ఆత్రేయపురమునకును హైదరాబాదునకును సమానమే. దరఖాస్తులు కంప్యూటరు ద్వారా పోవును. 2016 నుండి వానిని హర్యానా రాష్ట్రమందలి మానేసరులోని కేంద్ర కార్యాలయము పరిశీలించుచున్నది. రాష్ట్రమును బట్టి మాఱునది ముఖ్యముగా స్టాంపు సుంకము. అది ఒక్కసారి పెట్టు ఖర్చు. కంపెనీ గుర్తింపు సంఖ్యలో రాష్ట్రమును దెలుపు రెండక్షరములు మాఱును. ఆ రెండక్షరముల వలన సరకు ధర పెరుగదు.

పైగా రేకులు తీయునది ఇచ్చట. వస్తుసేవల పన్ను క్రింద నమోదు, సరకు ఏ రాష్ట్రము నుండి పోవునో ఆ రాష్ట్రమున జరుగవలెను. ఆంధ్రప్రదేశపు నమోదు సంఖ్య 37తో మొదలగును. తెలంగాణ సంఖ్య 36తో. కంపెనీ హైదరాబాదులో రిజిస్టరైనను, ఆత్రేయపురము నుండి సరకు పంపునంతకాలము 37 సంఖ్య తప్పదు. అచ్చట కూడ గిడ్డంగి పెట్టి అమ్మినచో 36 సంఖ్యయు కావలెను; అప్పుడు మన చేతి నుండి మన చేతికే సరకు మాఱినను లెక్క వ్రాయవలసి యుండును. ఆహారపు లైసెన్సు సైతము వండు స్థలమునకే. అమెరికాలోని చిన్న అంగడివాని రెండు ఖర్చుల కథయే ఇచ్చటను మఱొక రూపమున ఎదురగుచున్నది.

ఖర్చు సంగతి యిట్లుండ, ముఖ్యమైన విషయము వేఱొకటి కలదు. సామాన్యముగా కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశము దాని రిజిస్టర్డు ఆఫీసుననో, ఆ ఆఫీసున్న నగరము, పట్టణము లేక గ్రామముననో జరుగవలెనని చట్టము చెప్పుచున్నది. ఉత్పత్తిదారుల కంపెనీలకును ఇదే నియమము. కావున రిజిస్టర్డు ఆఫీసు ఎచ్చటనో నిర్ణయించుట యనగా సభ్యుడు జమాఖర్చు నడుగు చోటు ఎచ్చటనో నిర్ణయించుట. తెల్లవారక మునుపే కొబ్బరియాకు మంట పెట్టి, బోర్లించిన కుండ యెదుట కూర్చుండి దినమంతయు రేకులు తీయు స్త్రీ, తన కూలి డబ్బులలో మిగిల్చి ఒక వాటా కొనును. సభ ఆత్రేయపురమున జరిగినచో ఆమె ఒక పూట పని మాని వచ్చి, లాభమేమైనదని లేచి యడుగగలదు. హైదరాబాదున జరిగినచో రెండు దినముల కూలియు, రైలు ఖర్చును పోవును. ఆమె రాదు, ఆమె రాదని తెలిసినవారే అచ్చట సభ పెట్టుదురు.

మా సొంత అనుభవ మొకటి చెప్పెదము. చాల యేండ్ల క్రిందట మాలో కొందఱము దూరపు నగరమందలి యొక కంపెనీలో వాటాలు కొంటిమి. ఏటేట నోటీసు ఇంగ్లీషున వచ్చెడిది. ఒకయేడు అది నాట్ల కాలమున వచ్చినది, మఱొకయేడు కోతల కాలమున. ఒక్క సభకైనను మేము పోలేదు. నాలుగవయేట చూచుకొనగా ఆఫీసు అద్దెకును జీతములకును మూలధనములో చాల భాగము ఖర్చయినది. ఆ కంపెనీవారు మమ్ము మోసగించిరని మేము చెప్పజాలము. అడుగువాడు లేనిచోట ఖర్చునకు హద్దు లేకపోయినది. తప్పు కొంత మాదియు కలదు.

ఈ కాలమున వీడియో ద్వారా సభలు జరుపవచ్చును గదా యని యువకులు అనవచ్చును. 2020 నుండి కేంద్ర ప్రభుత్వము ఉత్తరువుల ద్వారా కంపెనీలకు అట్టి అనుమతి నిచ్చుచు వచ్చినది నిజమే. కాని ఫోనులో వినిపించు లెక్కకును, ఎదుట విప్పి పెట్టిన పుస్తకమునకును భేదము సహకార సంఘములలో పెరిగిన మనకు తెలియనిది కాదు. ఫోను సభలో మాట్లాడువారిని ఆపుట ఒక్క మీట నొక్కినంత సులువు.

రాష్ట్రపు ఎన్నిక తరువాత మార్చుకొనవచ్చును గదా యని మఱొక వాదము. మార్చుకొనవచ్చును, కాని ఒక రాష్ట్రము నుండి వేఱొక రాష్ట్రమునకు రిజిస్టర్డు ఆఫీసును మార్చుటకు ప్రత్యేక తీర్మానము, అప్పులవారికి నోటీసు, పత్రికలలో ప్రకటన, కేంద్ర ప్రభుత్వపు ఆమోదము కావలెను. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనపుడు, హైదరాబాదులో ఆఫీసు పెట్టుకొనిన కోస్తా జిల్లాలవారి కంపెనీలు కదలకయే వేఱొక రాష్ట్రపు కంపెనీలైనవి. పొలము ఇచ్చట, ఆఫీసు అచ్చట. తమ యూరనే పెట్టుకొనినవారికి ఆ బెడద లేకపోయినది.

మన పెద్దల యుదాహరణ మొకటి కలదు. 1923 నవంబరు 20వ తేదీన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించినపుడు రాజధాని మద్రాసు. ఐనను ఆయన బందరునే యెన్నుకొనిరి. 1913వ సంవత్సరపు కంపెనీల చట్టము బందరునకును మద్రాసునకును ఒక్కటే గనుక పల్లెటూరివారి సొమ్ముతో పెట్టిన బ్యాంకు వారి యెదుట మొదలగుటకు అడ్డేమియు లేకపోయినది. అది 2020లో యూనియన్ బ్యాంకులో కలసిపోవువఱకు తొంబదియాఱేండ్లు నడచినది.

రాష్ట్రము కంటె చట్టము నెన్నుకొనుటలో ఎక్కువ జాగ్రత్త వహింపవలెను. సహకార సంఘములు రాజ్యాంగమున రాష్ట్ర జాబితాలోనివి. 1964వ సంవత్సరపు చట్టము క్రింద నేర్పడు సంఘముపై రిజిస్ట్రారు అధికారము ఎక్కువ. 1995వ సంవత్సరపు పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద ప్రభుత్వ వాటాధనము లేకుండ సభ్యులే నడుపుకొనవచ్చును. సభ్యుల బాధ్యత ఎంతవఱకో ఉపనిబంధనలలో స్పష్టముగా వ్రాసికొనవలెను. అంతర్రాష్ట్ర సహకార సంఘము పెట్టవలెనన్న ప్రతి రాష్ట్రము నుండియు కనీసము 50 మంది కావలెను. దాని రిజిస్ట్రారు ఢిల్లీలో నుండును. ఇక ఉత్పత్తిదారుల కంపెనీ 2002లో చట్టమున ప్రవేశపెట్టబడినది. పదిమంది ఉత్పత్తిదారులు చాలుదురు. వ్యక్తులు సభ్యులైనచోట ఎవరికెన్ని వాటాలున్నను ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. డైరెక్టర్లు 5 నుండి 15 మంది వఱకు. మూడు నెలలకొకసారి వారు సమావేశము కావలెను. కుటీర పరిశ్రమల వారి ఉత్పత్తులును ఇందు చేరును గనుక రేకులు తీయు స్త్రీలు కూలివారుగా గాక సభ్యులుగా నుండవచ్చును. ఇద్దఱు మనుష్యులతో ప్రైవేటు కంపెనీ పెట్టుట ఇంతకంటె సులభము. కాని అందు ఊరి పేరు మాత్రమే ఊరిది, లాభము ఆ యిద్దఱిది. మాకు ఉత్పత్తిదారుల కంపెనీయో, పరస్పర సహాయక సంఘమో తగినదని తోచుచున్నది.

నగరమున బేరము లేకపోవునేమో యని ఎవ్వరును భయపడ నక్కఱలేదు. ఇచ్చట రిజిస్టరైన కంపెనీ హైదరాబాదునందును, చెన్నపట్టణమునందును, ఎచ్చటనైనను అంగడి తెఱవవచ్చును. బేరము దూరముగా పోవచ్చును. లెక్క మాత్రము దగ్గఱ నుండవలెను. 1852లో ఆనకట్ట పూర్తియైనది మొదలు బొబ్బర్లంక చెంత నుండి కాలువ దిగువ యూళ్లకు పాఱుచున్నది. లాకు తాళము ఎవరియొద్ద నుండునో నీరు వారి మాట వినునని మన రైతులకు ఒకరు చెప్పవలెనా?

కావున సభ్యులకు మా మనవి యేమనగా: ఎవరైనను కంపెనీ కాగితములు తెచ్చి సంతకము చేయుమన్నపుడు మూడు ప్రశ్నలడుగుడు. రిజిస్టర్డు ఆఫీసు ఏ యూరు? నాకు ఓటు ఒకటియా, లేక వాటాల లెక్కనా? సర్వసభ్య సమావేశమునకు నేను నడచి పోగలనా? కంపెనీ తన పేరును రిజిస్టర్డు ఆఫీసు వెలుపల ఆ ప్రాంతపు లిపిలో కూడ వ్రాయింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ బోర్డు మన వీథిలో, తెలుగున, మన స్త్రీలు ప్రతిదినము చదువునట్లు ఉండవలెను. అట్లున్నచో ఒకనాడు తలుపు మూసి యుండినను ఎందుకని వారే అడుగుదురు.