అపరాధపరిశోధక నవలలకు వెలివేయుట తగునా?

అపరాధపరిశోధక నవలలు చదువుట కాలహరణమనియు, ఒకే పరిశోధకుని కథలను ఏండ్లతరబడి చదువుట పొగచుట్టవంటి వ్యసనమనియు మనలోఁ గొందఱు పెద్దలు తఱచుగా సెలవిచ్చుచుందురు. వారిలో ఒక్క నవలనైనఁ దుదముట్టఁ జదివినవా రెందఱో వారికే తెలియవలెను. చదువక యేవగించుట విమర్శనము గాదు; మడికట్టుకొనుట.

నిదర్శనమునకు అమెరికా రచయితయగు రెక్స్ స్టౌటు రచించిన నీరో వుల్ఫు కథామాలను దీసికొందము. అది 1934లో మొదలై, రచయిత మరణించిన 1975వఱకును 33 నవలలుగా సాగినది. వుల్ఫు న్యూయార్కునందలి 35వ వీధిలోని తన యిల్లు విడిచి పనికై వెడలుట మిక్కిలి యరుదు. ఉదయము రెండుగంటలు, సాయంకాలము రెండుగంటలు మేడమీఁది ఆర్కిడు మొక్కలకడ గడపును. ఫ్రిట్జు వండిపెట్టును. సహాయకుఁడగు ఆర్చీ గుడ్విను ఊరెల్లఁ దిరిగి వచ్చి మనకుఁ గథ చెప్పును. ఇన్ని యేండ్లలోను వారికి వయస్సు రాలేదు. “ఇంత మార్పులేని సాహిత్యము మఱొకటి కలదా?” యని యాక్షేపకు లడుగుదురు. నిజమే; పాఠకుఁడు హత్యకొఱకుఁ గాక, తనకుఁ బరిచితమైన ఆ యింటికొఱకే మరల మరల వచ్చుచున్నాఁడు. అయితే ఆ యింటిలోనికి రచయిత యెవరిని బిలిచెనో చూడవలదా?

1938నాఁటి ‘టూ మెనీ కుక్స్’ నవలలో వుల్ఫు పశ్చిమ వర్జీనియాకుఁ బోఁగా అచ్చట హత్య జరుగును. అధికారుల కేమియుఁ జెప్పని నల్లజాతి పరిచారకులను వుల్ఫు తన గదికిఁ బిలిచి గౌరవముతో మాటలాడును. అప్పుడు పాల్ విపుల్ అను విద్యార్థి తాను చూచినది చెప్పును. 1964లో వెలువడిన ‘ఎ రైట్ టు డై’లో ఆ విపులే నడివయస్కుఁడై వుల్ఫునొద్దకు వచ్చును. తన కుమారుఁడు తెల్లజాతి కన్యను బెండ్లాడఁదలఁచెననియు, ఆమెయందు దోషమేదైనఁ గనిపెట్టి ఆ పెండ్లి తప్పింపుమనియు వేఁడుకొనును. వర్ణభేదముచే నొచ్చినవాఁడే వర్ణాంతర వివాహమునకు వెఱచుచున్నాఁడు! పిమ్మట ఆ కన్య హతురాలగును. నేరము కుమారునిపైఁ బడును. నాఁటికి అమెరికాలోని పలు రాష్ట్రములలో అట్టి వివాహము చట్టవిరుద్ధము. అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టములను గొట్టివేసినది 1967లో.

ఈ నవలలు నిష్కళంకములని నేననను. 1938నాఁటి పుస్తకమున ఆర్చీ నోటనే నల్లవారిని దూలనాడు మాటలు వెలువడును. రక్తమునే సరకుగా నమ్ముకొను కథామాలలును లేకపోలేదు. వానిని ఖండింపుఁడు, నేనును దోడువత్తును.

కాని యొక్కటి యోచింపుఁడు. సంస్కరణసభలకు వచ్చువారు చాలవఱకు సంస్కరణము నంగీకరించినవారే. రానివారి సంగతి యేమి? వర్ణాంతర వివాహముపై నుపన్యాసమనఁగానే ఆమడదూరము పాఱిపోవు గృహస్థుఁడు సైతము, హంతకుఁ డెవ్వఁడను నాతురతచే విపుల్ దుఃఖమునంతయుఁ జదువును. అతనికి వుల్ఫు ఇల్లు చిరపరిచితము. అందువలననే ఆ యింటికి వచ్చిన యతిథిని ద్రోసిపుచ్చలేఁడు. ఇన్నేండ్ల యలవాటు సంపాదించిన చనువు వ్యర్థమైనదా?

కావునఁ బుస్తకముల గుణదోషములను జదివి నిర్ణయింపవలెను గాని, అవి పుట్టిన జాతినిబట్టి కాదు. మనుష్యులలో జాతిభేదము కూడదని బోధించువారు పుస్తకములలో దానిని బాటించుట యే న్యాయము?