గాడి ఉన్నా గడువు తీరుతుంది

2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక బస్సు అదుపు తప్పి చెట్టుకు గుద్దుకుంది. సంగీతోత్సవం చూసి ఇళ్లకు తిరిగి వెళ్తున్న యువత అందులో ఉన్నారు. డ్రైవరుతో కలిపి ముగ్గురు చనిపోయారు. కారణం పేలిన ముందు టైరు. దాని వయసు 19 ఏళ్లు దాటింది. మృతుల్లో ఒకడైన మైఖేల్ మొల్లాయ్‌కి 18 ఏళ్లే. ఆ టైరు గాడుల లోతు సరిపోయినంత ఉంది కాబట్టి, అప్పటి నిబంధనల లెక్కలో అది వాడదగ్గ టైరే! కొడుకును పోగొట్టుకున్న ఫ్రాన్సెస్ మొల్లాయ్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడటాన్ని బ్రిటన్ నిషేధించింది.

మన దగ్గర ఇప్పటికీ చూపంతా అరుగుదల మీదే. కారుకైనా లారీకైనా గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతాయి. అది అవసరమే, కానీ చాలదు. రబ్బరు తిరిగితేనే కాదు, ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ వేడి దాన్ని బిరుసెక్కిస్తాయి. రబ్బరులో కలిపిన రక్షక మైనం చక్రం తిరిగి టైరు వంగుతూ ఉంటేనే పైకి బాగా వస్తుంది. అందుకే, యజమానులు అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్తే అపార్టుమెంటు సెల్లారులో నెలల తరబడి కదలకుండా ఉండే కారును నమ్మలేం. గాడులు కొత్తవాటిలా ఉంటాయి, పక్క గోడల మీద మాత్రం వెంట్రుక మందాన పగుళ్లు వస్తాయి. సెకండ్ హ్యాండ్ టైర్ల దుకాణాల్లో నల్ల పాలిష్ కొట్టేది సరిగ్గా అక్కడే. గుడ్డతో తుడిచి, వెలుతురులో చూడాలి. ఉబ్బు కనబడితే ఇక ఆ టైరు మాట మరిచిపోవాలి.

వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఒక్కోసారి అది లోపలి వైపే ఉంటుంది, వంగి చూడాల్సిందే. స్టెఫ్నీనీ వదలొద్దు.

అయితే వయసొక్కటే తీర్పు కాదు. గాలి తక్కువతో, మోయలేని బరువుతో తిరిగిన టైరు మూడేళ్లకే పాడైపోవచ్చు. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమనీ, పైకి బాగున్నా పదేళ్లకు తీసేయమనీ మిషెలిన్ సంస్థ చెబుతుంది. ఇది సమంజసమైన కొలత.

టైర్ల ధరలు చిన్న యజమానికి భారమే, కాదనను. అందుకే అన్ని వాహనాలకూ ఒకేసారి గడువు పెట్టనక్కర్లేదు. స్కూలు బస్సులు, ప్రయాణికుల బస్సుల ముందు చక్రాలతో మొదలుపెట్టవచ్చు. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు, లైట్లు చూసే అధికారి ఆ నాలుగంకెలను కూడా పత్రంలో రాయాలి. రవాణా శాఖ ఆ పత్రంలో అందుకో గడిని చేర్చాలి. ఈలోగా మీ పిల్లలు ఎక్కే బస్సు టైరు ఏ ఏడాదిదో స్కూలు యాజమాన్యాన్ని అడగండి.