గోదావరి లోయయు, పురాతన జీవజాతుల నాశమును

2024 డిసెంబరు 4వ తేదీ యుదయమున ములుగు ప్రాంతమున భూమి కంపింపగా గోదావరి తీరమునం దంతటను జనులు బెదరిరి. అంతకు పూర్వము 1969 ఏప్రిలు 13న భద్రాచలము చెంత వచ్చిన భూకంపమును చర్ల ప్రాంతపు వృద్ధులు కొంద రిప్పటికిని మఱవలేదు. ఇచ్చట భూమి యేల కదలును? ఈ కదలికలు లోకమునకు ముప్పు దెచ్చునా? ఈ మాసమున నీ విషయమును ముచ్చటింపదలచితిమి.

చర్ల గోదావరికి ఎడమదరిని ఉన్నది. ఇచ్చటి లోయ నీరు దొలిచినది మాత్రమే కాదు. సుమారు 30 కోట్ల యేండ్ల క్రిందట భూమి పైపెంకు సాగి, బీటలువాఱి, నడిమి నేల క్రుంగెను. ఆ పల్లమున నిసుకయు, బురదయు, చెట్లును పొరలు పొరలుగా నిండినవి. నాలుకవంటి యాకులు గల గ్లోసోప్టెరిస్ అను చెట్లు కాలక్రమమున బొగ్గుగా మాఱినవి. 1871లో కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు చెంత కనుగొన్నదియు, ఏటికావల మణుగూరున నేడు సింగరేణివారు త్రవ్వుచున్నదియు నీ బొగ్గే.

మఱి యా చెట్ల వంశ మేమైనది? సుమారు 25 కోట్ల 20 లక్షల యేండ్ల క్రిందట సైబీరియా దేశమున భూమి బీటలువాఱి, కరగిన రాయి వెల్లువలై పాఱెను. అది భూమిలోని బొగ్గుపొరల గుండ పోవుచు వానిని కాల్చినది. బొగ్గుపులుసు వాయువు మిక్కుటమై గాలి వేడెక్కెను, సముద్రజలము పులిసెను, నీటిలోని ప్రాణవాయువు తఱిగెను. సముద్రజీవజాతులలో నూటికి 80కి పైగా నశించినవి. గ్లోసోప్టెరిస్ అడవులును ఆ కాలముననే యంతరించినవి.

కావున నన్ని జాతులను జంపినది భూమి యదురు కాదు, భూగర్భమునుండి వెడలిన వాయువులు. మూసిన గదిలో కుంపటి నుంచినచో ప్రాణము దీయునది నిప్పు కాదు, దాని గాలియే యని గృహిణు లెఱుగుదురు గదా.

ఇట్టిదే మఱియొక నాశము 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట జరిగినది. అప్పుడు మన దక్కను పీఠభూమి యందు కరగిన రాయి పొరలుగా పాఱి, రాజమహేంద్రవరము చెంతనున్న కాటేరు, పంగిడి వఱకును వచ్చెను. అచ్చటి నల్లరాతి క్వారీలలో రెండు రాతిపొరల నడుమ సముద్రపు బురద గలదు. క్రింది రాతిపై నిలిచిన యా బురదలో, మహానాశము గడచిన పిదప పుట్టిన సూక్ష్మజీవుల గుల్లలే యున్నవని 2008లో గెర్టా కెల్లర్ అను విదుషియు, ఆమెతోడి పండితులును ప్రకటించిరి. ఆ కాలముననే మెక్సికో తీరమున గొప్ప యుల్క పడినది. రాక్షసిబల్లుల చావున కుల్క యెంత కారణమో, దక్కను మంటలెంత కారణమో పండితు లింకను వాదించుచునే యున్నారు.

ఇందు మనము గ్రహింపవలసిన దేమి? మణుగూరు చెంత భద్రాద్రి విద్యుత్కేంద్రమున బొగ్గు కాలుచున్నది. ఆ శక్తి తీగల వెంబడి మన యిండ్లకు వచ్చుచున్నది. దీపము వలదని మేము చెప్పబోము. గ్రామములందు చదువుకొను బిడ్డలకు దీపమే కన్ను. అయినను, సైబీరియాలో భూమి వేలకొలది యేండ్లు గాలిలో గలిపిన వాయువునే మనుష్యులు కొలది వందల యేండ్లలో గలుపుచున్నారు. భూమిని ఎవ్వరును ఆపజాలరు. మన చేతిలోని మీట మాత్రము మన యధీనము. ఎవరును లేని గదిలో వెలుగు దీపము నార్పుట లోభము కాదు, వివేకమని బిడ్డలకు నేర్పుదము.