బంతి కదలదు.. మనసే కదులుతుంది!

క్రికెట్లో బ్యాట్స్‌మన్‌కి ఆలోచించే తీరిక ఉండదు. బంతి దూసుకొస్తుంటుంది.. కొట్టాలి, లేదంటే వదిలేయాలి. గోల్ఫ్ అలా కాదు. బంతి గడ్డిమీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఎదురుగా బౌలర్ లేడు, అడ్డుకునే గోల్‌కీపర్ లేడు. ఇంత సుఖమైన ఆట మరొకటి లేదనిపిస్తుంది కదూ! చిక్కంతా అక్కడే ఉంది మరి.

చిన్న లెక్క చూడండి. 18 హోల్స్ ఆడటానికి నాలుగు గంటలు పడుతుంది. మంచి ఆటగాడు అందులో కొట్టేది 70 షాట్ల దాకా. ఒక్కో స్వింగ్‌కి పట్టేది సెకనున్నర. అంటే నిజంగా ఆడేది రెండు నిమిషాలైనా ఉండదు! మిగతాదంతా నడక, ఎదురుచూపు. అంతసేపూ మనసు ఊరుకుంటుందా? ఇందాక తప్పిన షాట్ దగ్గరికి ఒకసారి వెళ్తుంది, ఇంకా అందని కప్పు దగ్గరికి ఒకసారి పరిగెడుతుంది. అందుకే పెద్ద ఆటగాళ్లు స్వింగ్ నేర్పే కోచ్‌తోపాటు మనసుకి తర్ఫీదిచ్చే కోచ్‌నీ పెట్టుకుంటారు.

నోటిదాకా వచ్చిన ముద్ద

ఉత్తర ఐర్లండ్ కుర్రాడు రోరీ మెకిల్‌రాయ్‌కి 2011లో 21 ఏళ్లు. అమెరికాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్ టోర్నీలో మూడు రోజులయ్యేసరికి నాలుగు షాట్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఆఖరిరోజు పదో హోల్‌లో కొట్టిన తొలి షాట్ ఎడమకి తిరిగి చెట్లు దాటి కాటేజీల మధ్య పడింది. నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌కి ఏడు పట్టాయి. అక్కణ్నుంచి ఒకదాని వెంట ఒకటి తప్పులే. ఆ రోజు స్కోరు 80, దక్కింది 15వ స్థానం. రెండు నెలలు దాటిన కొద్దిరోజులకే అదే కుర్రాడు యూఎస్ ఓపెన్‌ని ఏకంగా ఎనిమిది షాట్ల తేడాతో గెలిచాడు. చేతులు ఒక్క పూటలో ఆట మర్చిపోయి, రెండు నెలల్లో మళ్లీ నేర్చుకోవుగా!

ఒత్తిడి చేతిని ఎలా మారుస్తుందో లెక్కలతో సహా చూపించారు డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ అనే పరిశోధకులు. గోల్ఫ్‌లో ప్రతి హోల్‌కీ ఇన్ని షాట్లని ఒక లెక్క ఉంటుంది. అదే పార్. ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. బంతిని గుంటలోకి నెట్టే చిన్న షాట్‌ని పట్ అంటారు. వృత్తి ఆటగాళ్లు కొట్టిన 25 లక్షల పట్‌లని పరిశీలించి 2011లో ఈ ఇద్దరూ ఓ సంగతి తేల్చారు. దూరం ఒకటే అయినా, పార్ కోసం కొట్టే పట్ కన్నా బర్డీ కోసం కొట్టే పట్ తప్పడమే ఎక్కువ! ఒకటి కలిసొస్తుందన్న ఆశ కన్నా ఒకటి పోతుందన్న భయం మనిషిని ఎక్కువ జాగ్రత్తగా ఉంచుతుందన్నమాట. టైగర్ ఉడ్స్ కూడా దీనికి మినహాయింపు కాదు.

గీతకి అటూ ఇటూ

అలాగని భయపడుతూ ఆడమని కాదు. అతి జాగ్రత్తా అనర్థమే. ఏళ్ల తరబడి వాకిట్లో అలవోకగా ముగ్గులు పెట్టిన చేయి, సంక్రాంతి పోటీలో న్యాయనిర్ణేత వచ్చి పక్కన నిలబడగానే తడబడుతుంది. చుక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్ గోల్ఫ్ ఆటగాళ్లపై చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. ‘నీ చేయి ఎలా కదులుతోందో గమనించు’ అంటే కొత్తవాళ్లకి మేలు జరిగింది. ఆరితేరినవాళ్ల ఆట మాత్రం చెడింది.

మరి ఏం చేయాలి? మనసుని ఖాళీ చేసుకోమంటే ఎవరివల్లా కాదు. దానికో పని అప్పగించాలి. స్వీడన్‌కి చెందిన కోచ్ పియా నిల్సన్, అమెరికా కోచ్ లిన్ మారియట్ చెప్పే ఉపాయం భలే తేలిక. బంతి వెనక ఒక గీత ఉందనుకోవాలి. గాలి, దూరం, ఏ క్లబ్‌తో కొట్టాలి.. ఈ ఆలోచనలన్నీ గీతకి ఇవతలే తేల్చుకోవాలి. గీత దాటాక కొట్టడమే. అనుమానం వచ్చిందా.. మళ్లీ వెనక్కి రావాలి. నిల్సన్ దగ్గర శిక్షణ పొందిన అనికా సోరెన్‌స్టామ్ 2001లో ఒకే రౌండ్‌ని 59 షాట్లలో ముగించింది. ఎల్పీజీఏలో ఆ స్కోరు సాధించిన మొదటి మహిళ ఆమే.

పోయిన షాట్ పోయినట్టే

గీత దాటి కొట్టినా షాట్ చెడొచ్చు. ఆ తర్వాతదే అసలు పరీక్ష. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన దంపతుల కొడుకు సాహిత్ తీగలనే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌లో 17వ హోల్ దగ్గర బంతి నీళ్లలో పడింది. ఒక్క షాట్ తేడాతో ప్లేఆఫ్ చేజారింది. జూన్‌లో ట్రావెలర్స్ టోర్నీలో ఒక షాట్ ఆధిక్యంతో చివరి హోల్‌కి వచ్చి, బంతిని ఇసుక గుంటలో పడేసుకుని రెండు షాట్లు పోగొట్టుకున్నాడు. ఆ కప్పూ పోయింది. వరసగా రెండుసార్లు గట్టు దగ్గర పడవ మునిగితే మూడోసారి ఎక్కడానికి కాళ్లు వణకవూ? 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ని రెండు షాట్ల తేడాతో గెలిచి తొలి పీజీఏ టూర్ కప్పు అందుకున్నాడు సాహిత్.

ఇక మెకిల్‌రాయ్ సంగతి. అతను మాస్టర్స్ కోసం 2025 దాకా ఆగాల్సొచ్చింది. ఆఖరిరోజు చివరి హోల్‌లో చిన్న పట్ వేస్తే చాలు, కప్పు అతనిదే. తప్పింది! జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్. తిరిగి టీ దగ్గరికి వెళ్తుంటే, క్యాడీ హ్యారీ డైమండ్ అన్నదొక్కటే మాట. సోమవారం పొద్దున ఎవరైనా ఈ అవకాశం ఇస్తామంటే కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లం కదా అని! స్వింగ్ గురించి కాదు, పోయిన పట్ గురించీ కాదు. మెకిల్‌రాయ్ బర్డీ కొట్టాడు, గెలిచాడు.

అయితే ఈ నిబ్బరం ఆ క్షణంలో ఎక్కణ్నుంచో ఊడిపడదు. అందుకే కోచ్‌లు సాధనలోనూ ఒకేచోట నిలబడి వంద బంతులు బాదెయ్యనివ్వరు. ప్రతి బంతికీ గీత వెనక్కి వెళ్లి రమ్మంటారు. పరీక్ష రాసే పిల్లలకైనా, ఇంటర్వ్యూకి వెళ్లే పెద్దలకైనా పనికొచ్చే పద్ధతే ఇది. గీత ఎక్కడ గీసుకోవాలన్నది ఎవరికి వారే చూసుకోవాలి. గది గుమ్మమైనా సరే, ప్రశ్నపత్రం మడత విప్పే ముందు తీసుకునే ఒక్క ఊపిరైనా సరే!