ఆరోగ్య బీమా ఏజెంట్లు - తగ్గిన ప్రతిఫలము

2025వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ మొదలు, వ్యక్తులును కుటుంబములును తీసికొను ఆరోగ్య బీమా పాలసీలపై నూటికి 18 వంతున నున్న వస్తు సేవల పన్ను తొలగింపబడినది. రోగము వచ్చిన నాటికని ముందుగా నాలుగు డబ్బులు కూడబెట్టుకొను సంసారియొద్ద పన్ను గొనుట న్యాయము కాదని జనులు చిరకాలముగా మొఱపెట్టుచుండిరి. ఆ మొఱ యాలకింపబడినందులకు మేమును సంతసించితిమి. కాని యీ మేలునకు ఒక మూల్యము కలదనియు, దానిని చెల్లించుచున్నవాడు గడపగడపకు తిరిగి పాలసీలు చేర్చు ఏజెంటనియు పెక్కుమంది యెఱుగరు.

ఇది యెట్లు సంభవించినదో కొంచెము వివరింతుము. ఏజెంటునకిచ్చు కమీషనుపై కూడ నూటికి 18 పన్ను కలదు. దానిని కంపెనీయే ప్రభుత్వమునకు చెల్లించును. పూర్వము పాలసీదారులయొద్ద వసూలు చేసిన పన్నులోనుండి కంపెనీ దీనిని మినహాయించుకొనుచుండెను. ప్రీమియముపై పన్ను పోగానే ఆ మినహాయింపును పోయినది. మిగిలిన భారమును తాము మోయనొల్లక, పలు కంపెనీలు 2025 అక్టోబరు మొదలు, తామిచ్చు కమీషనులోనే పన్నును ఇమిడియున్నట్లు లెక్కకట్ట నారంభించినవి. రేటు కాగితముపై మాఱలేదు. చేతికి వచ్చునది తగ్గినది.

ఉదాహరణమునకు, ఒక ఏజెంటు క్రింద 120 కుటుంబము లున్నవనుకొందము. ఒక్కొక్క కుటుంబము ఏటికి 20,000 రూపాయల ప్రీమియము చెల్లించును. నూటికి 15 వంతున అతనికి ఏటికి 3,60,000 రూపాయలు వచ్చుచుండెను. ఆ మొత్తములోనే పన్నును చేర్చినచో అతనికి మిగులునది రమారమి 3,05,000. పోయినది 55,000. ఇది యొక నడితరగతి గృహస్థునకు పిల్లవాని చదువు ఖర్చు. ఈ నష్టము పూడవలెనన్న అతడు మఱి 22 కుటుంబములను క్రొత్తగా చేర్చవలెను. అదే సమయమున ప్రతి పాలసీదారునకును ఏటికి 3,600 రూపాయల పన్ను తప్పినది.

చట్టము నాశ్రయింతమన్నను ఏజెంటునకు దారి కనబడదు. 2023కు పూర్వము ఒక్కొక్క తరగతి పాలసీకి ఇంత కమీషనని నియంత్రణ సంస్థయే హద్దు నిర్ణయించుచుండెను. ఆ సంవత్సరము ఏప్రిలు మొదలు ఆ హద్దులు తీసివేసి, కంపెనీ మొత్తము ఖర్చులకే పరిమితి విధించిరి. సాధారణ బీమా కంపెనీలకు ప్రీమియములో నూటికి 30, ఆరోగ్య బీమా మాత్రమే చేయు కంపెనీలకు నూటికి 35 ఆ పరిమితి. దానికి లోబడి యెవరికెంత యీయవలెనో కంపెనీల పాలకవర్గములే నిర్ణయించుకొనును. పెద్ద బ్యాంకులు బేరమాడగలవు. ఒంటరిగా సైకిలుపైనో మోటారు సైకిలుపైనో తిరుగు ఏజెంటు ఎవరితో బేరమాడును? ప్రజలకు చేసిన మేలు ఖర్చును అందఱిలోను బలహీనుని తలపై వేయుట ధర్మము కాదని మేము స్పష్టముగా చెప్పుచున్నాము.

అయినను మొఱపెట్టుకొన్నంత మాత్రమున పొయ్యి వెలుగదు. ఏజెంటు నేడేమి చేయవలెనన్నది అసలు ప్రశ్న. ముందుగా చేయకూడనివి చెప్పుదుము. నష్టము పూడ్చుకొనుటకై అవసరము లేని పెద్ద పాలసీని అంటగట్టుట యొకటి. ఎక్కువ కమీషను వచ్చునని బాగుగా నున్న పాలసీని మఱియొక కంపెనీకి మార్పించుట రెండవది. కంపెనీ మార్చుకొను హక్కు 2011 నుండి పాలసీదారునకు కలదు. అది అతని మేలుకొఱకే గాని మధ్యవర్తి మేలుకొఱకు గాదు. తన కమీషనులో భాగమిచ్చి పాలసీదారుని ఆకర్షించుట మూడవది. ఇది 1938 నాటి బీమా చట్టము 41వ సెక్షను ప్రకారము నేరము. జరిమానా 10 లక్షల రూపాయలదాక కలదు. ఈ మూడును కూర్చున్న కొమ్మను నఱకుకొను పనులు.

ఇక చేయవలసిన వానిలో మొదటిది, ఉన్నవారిని నిలుపుకొనుట. ఆరోగ్య బీమా ఏటేట పునరుద్ధరింపవలసినది. కమీషనును ఏటేట వచ్చును. పైన చెప్పిన 120 కుటుంబములలో ఏటికి 18 జారిపోవుచున్నయెడల, ఆ చిల్లు పూడ్చినచో నష్టములో ఎక్కువ భాగము పూడినట్లే. ప్రతి పాలసీ గడువు తేదీని పుస్తకములో వ్రాసికొని నెల ముందుగా పోయి గుర్తుచేయవలెను. ఏటికొకసారి ప్రీమియము కట్టువారికి గడువు దాటిన పిదప 30 దినముల వ్యవధి కలదు. కాని కట్టని ఆ దినములలో వచ్చిన రోగమునకు రక్షణ లేకుండ పోవచ్చును. పాలసీ తెగిపోయినచో అంతవఱకు గడచిన నిరీక్షణ కాలమెల్ల వ్యర్థమగును. ఇది తెలిసిన గృహస్థు గడువు దాటనీయడు, తెలియజెప్పువాడు కావలెను.

రెండవది, దరఖాస్తు వ్రాయునపుడే సత్యము వ్రాయించుట. చక్కెర వ్యాధి దాచినచో పాలసీ సులభముగా వచ్చును. క్లెయిము నాడు ఇల్లు గుల్లయగును. 2024 నాటి నిబంధనల ప్రకారము ముందే యున్న వ్యాధికి నిరీక్షణ కాలము 36 నెలలకు మించరాదు. 60 నెలలు ఎడతెగక పాలసీ నడచినచో, మోసము ఋజువైనప్పుడు తప్ప, చెప్పలేదన్న మిషతో క్లెయిము త్రోసివేయరాదు. కనుక దాచుటవలన లాభము లేదని ఏజెంటే నచ్చజెప్పవలెను.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆసుపత్రి వరండాలో నిలుచుట. భార్యను ఆపరేషను గదిలోనికి పంపి, చేతిలో కాగితముల కట్టతో బిత్తరపోయి నిలుచున్న మనుష్యునకు ఏ ప్రకటనయు అక్కఱకు రాదు. నగదు లేని చికిత్సకై వచ్చిన విన్నపముపై కంపెనీ ఒక గంటలో నిర్ణయము చెప్పవలెననియు, ఇంటికి పంపునపుడు తుది యనుమతి మూడు గంటలలో ఈయవలెననియు 2024లో నియంత్రణ సంస్థ ఆదేశించినది. ఈ గడియారమును చూచువాడు ఏజెంటు కావలెను. కంపెనీ అన్యాయముగా త్రోసిపుచ్చినచో ముందు కంపెనీకే ఫిర్యాదు వ్రాయించి, నెలలోపల న్యాయము జరుగనియెడల బీమా అంబుడ్స్‌మనునొద్దకు దారి చూపవలెను. అచ్చట రుసుము లేదు. 50 లక్షల రూపాయలవఱకు తగవులు వినబడును. ఆ కార్యాలయమొకటి మన హైదరాబాదుననే కలదు. ఒక్క క్లెయిము న్యాయముగా ఇప్పించిన ఏజెంటును గూర్చి ఆ వీధివారెల్ల చెప్పుకొందురు. అతడు వెదకుచున్న 22 కుటుంబములు ఆ వీధిలోనే యున్నవి.

నాలుగవది, ఒక్క పంటనే నమ్ముకొనకుండుట. 2015లో సవరింపబడిన చట్టము ప్రకారము ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకిని, ఒక సాధారణ బీమా కంపెనీకిని, ఒక ఆరోగ్య బీమా కంపెనీకిని పనిచేయవచ్చును. ఆరోగ్య పాలసీ యున్న కిరాణా వర్తకుని దుకాణమునకు అగ్ని బీమా కలదా? అతని బండికి బీమా గడువు ఎప్పుడు? నమ్మకము కుదిరిన ఇంటిలో ఈ ప్రశ్నలు అడుగుట సులభము. పాలసీదారునకు తప్పిన పన్ను సొమ్ములో కొంతతో, ఉన్న అయిదు లక్షల రక్షణకు పైని రక్షణ నిచ్చు సూపర్ టాపప్ పాలసీ చేర్చుకొనవచ్చునని చెప్పుటయు సరియైన సలహాయే. అవసరమున్న ఇంటికి మాత్రమే సుమా!

అయిదవది, ఖర్చు తగ్గించుకొనుట, కలసి నడచుట. ఊరెల్ల తిరుగుటకన్న నాలుగు వీధులను గట్టిగా పట్టుట మేలు. ముగ్గురు ఏజెంట్లు ఒక గది, ఒక గుమాస్తాను ఉమ్మడిగా పెట్టుకొనవచ్చును. ఒకడు ఊరలేనపుడు రెండవవాడు అతని పాలసీదారుని ఆసుపత్రిలో చూచుకొనవచ్చును. అంతకు మించి, ఏజెంటుల సంఘములు కంపెనీల నడుగవలసినవి రెండు కలవు. తగినంత నోటీసు లేక కమీషను మార్చగూడదు. పాలసీలు తెగకుండ నిలిపినవానికిని, క్లెయిములో సాయపడినవానికిని ఎక్కువ ప్రతిఫల మీయవలెను. అమ్మినందులకు గాక సేవకు ఫలమిచ్చినపుడే ఈ వృత్తి నిలుచును, కంపెనీయును లాభించును.

1925లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిన నాటినుండి నూఱేండ్లు గడచినవి. 1956లో జీవిత బీమాయు, 1972 నాటి శాసనముచే సాధారణ బీమాయు జాతీయములైనవి. 1999 నాటి శాసనముతో ప్రైవేటు కంపెనీలకు మరల ద్వారములు తెఱవబడినవి. కంపెనీలు మాఱినవి, చట్టములు మాఱినవి, కమీషనులును మాఱుచునే యుండును. ఆపదవేళ పిలిచినచో పలుకు మనుష్యుడొకడు కావలెనన్న కోరిక మాత్రము మాఱలేదు.

కనుక పాఠకులకు మా మనవి యొక్కటి. పునరుద్ధరణ వేళ ఫోనులో నాలుగు మీటలు నొక్కి కొన్ని రూపాయలు మిగుల్చుకొనుటకు ముందు, క్రిందటి సంవత్సరము ఆసుపత్రిలో మీ ప్రక్క నిలిచిన వాడెవడో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అట్టివాడు ఉన్నచో అతనిని వదలకుడు. ఏజెంటు సోదరులకును ఒక్క మాట: అట్టివారు మీరే కండు. అప్పుడు కమీషను తగ్గింపవచ్చును గాని, మిమ్ములను తీసివేయుట ఎవరి తరమును గాదు.