బోర్డు కాదు, రోజులు కొనండి



మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తాడు. పోయిన వారం వాట్సాప్‌లో ఒక స్నోబోర్డు ఫొటో పెట్టి, "మామూ, ఇది కొంటున్నా. జనవరిలో ఇంటిల్లిపాదీ కశ్మీర్ పోతున్నాం. ఎట్లుంది?" అని అడిగాడు. బోర్డు ఖూబ్‌సూరత్‌గానే ఉంది. ప్లాన్ మొత్తం పంపమన్నాను. ఐదు రాత్రులూ శ్రీనగర్‌లోనే హోటల్. గుల్మార్గ్‌కు ఒక్క రోజు. ఆ ఒక్క రోజు కూడా బోర్డు ఎక్కేది వాడొక్కడే. చెల్లెలు వీడియో తీస్తుంది. ఆపా, దూలాభాయ్ శాలువాలు కప్పుకుని చాయ్ తాగుతూ చూస్తారు.

ఇలాంటి ప్లాన్ మా ఖాందాన్‌లో ఒక్కరిదే అయితే ఇక్కడ రాసేవాణ్ని కాదు. చేతిలో నాలుగు పైసలు ఆడుతున్న మన పిల్లలు చాలామంది ఇలాగే బయల్దేరుతున్నారు. అందుకని నా రాయ్ సీదాగా చెప్తాను. మంచు మీద జారడం నేర్చుకోవాలని పోతుంటే, బోర్డు మీద పెట్టే పైసా రోజుల మీద, ఉస్తాద్ మీద పెట్టండి. ఆ రోజుల్లో ఇంటి ఆడపిల్లకు కొడుకుతో బరాబర్ హిస్సా ఇవ్వండి. మిగతావన్నీ ఈ రెండు మాటల వెనకే నడుస్తాయి.

ముందు రోజుల సంగతి. స్కీలో కాలికొక పలక, ముఖం ముందుకు. మొదటి రోజే ఎంతో కొంత నడుస్తుంది. స్నోబోర్డులో రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి, పక్కకు తిరిగి నిలబడి జారాలి. మొదటి రోజంతా పడటమే. వెనక్కి పడితే నడుం కింద దెబ్బ, ముందుకు పడితే మోకాళ్లు, అరచేతులు. మడమల వైపు అంచు మీద నిలబడి మెల్లగా కిందికి జారడం వస్తే ఆ రోజు సబఖ్ పూర్తయినట్టే. రెండో రోజు కాలివేళ్ల వైపు అంచు. ఎండుటాకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగడం నేర్పుతారు. మూడో రోజుకు చాలామందికి ఆ రెండు అంచులూ కలిసి మలుపు వస్తుంది. అసలు మజా అక్కడే మొదలు. అంటే ఒక్క రోజు కోసం పోయినవాడు ఎంత ఖరీదైన బోర్డు మోసుకెళ్లినా తెచ్చుకునేది దెబ్బలు, ఫొటోలు మాత్రమే. మలుపు వచ్చే ముందే వాడు శ్రీనగర్ బస్సెక్కేస్తాడు.

కాబట్టి నాలుగు రాత్రులు గుల్మార్గ్‌లోనే ఉండండి. హోటళ్లు మహెంగా అనిపిస్తే పదమూడు కిలోమీటర్ల కింద తంగ్‌మార్గ్‌లో దిగండి. మంచు కురిసిన పొద్దున అక్కణ్నుంచి పైకి పోవాలంటే చక్రాలకు గొలుసులు కట్టిన బండి కావాలి. దాన్ని ముందు రోజే మాట్లాడుకోవాలి. దాల్ సరస్సు షికారాకు చివర ఒక రోజు చాలు.

ఎక్కడికి పోవాలన్నది ఇంట్లో అందరికంటే తక్కువ ధైర్యం ఉన్న మనిషిని బట్టి తేల్చాలి. గుల్మార్గ్ పేరు దునియా అంతా మోగుతున్నది అఫర్వత్ కొండ వల్ల. గుల్మార్గ్ మైదానం దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. 1998లో గొండోలా మొదటి దశ కొంగ్‌డోరి వరకు, 2005లో రెండో దశ అఫర్వత్ మీదికి వచ్చాయి. రెండో దశ దిగేచోటు దాదాపు 3,950 మీటర్లు. అక్కడ చదును చేసిన బాటలు ఉండవు, అంతా నడుము లోతు పొడి మంచు. యూరప్ నుంచీ ఆస్ట్రేలియా నుంచీ జనం వచ్చేది దానికోసమే. మనలాంటి కొత్తవాళ్లకు అది కాదు. మనది కింద, గొండోలా స్టేషన్ దగ్గరి చిన్న వాలు.

అక్కడ కూడా బోర్డువాళ్లకు రెండు తక్లీఫులున్నాయి. మైదానం చాలాచోట్ల చదునుగా ఉంటుంది. స్కీవాళ్లు చేతికర్రలతో నెట్టుకుపోతారు, బోర్డువాళ్లు ఒక కాలు విప్పి తోసుకుంటూ నడవాలి. వాలు పైకి లాగే డ్రాగ్ లిఫ్టు కూడా పక్కకు తిరిగి నిలబడేవాళ్లకు మొదట్లో సతాయిస్తుంది. తెలిసి పోతే దిల్ చిన్నబోదు.

మిగతా చోట్లు? ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలులు కొత్తవాళ్లకు బాగుంటాయి. కానీ 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వే ఆపేశారు. పోయేముందు దారి సంగతి కనుక్కోవాలి. మనాలీ దగ్గరి సోలంగ్‌లో నేర్చుకునేవాళ్ల కన్నా రబ్బరు ట్యూబుల మీద జారేవాళ్ల రద్దీ ఎక్కువ. బాట చదునుగా దువ్వి పెట్టిన పెద్ద వాలులు కావాలంటే కజాకిస్తాన్‌లోని షింబులాక్ ఉంది. ఆల్మాటీ షహర్‌కు దగ్గర, హలాల్ తిండికి ఫికర్ లేదు. గల్ఫ్‌లో చాచా, ఖాలూ ఉన్న ఖాందానులకు ఇంకో మాట. 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్‌లో కప్పు కిందే మంచు వాలు ఉంది. ఎలాగూ దుబాయ్ పోతే అక్కడ ఒక లెసన్ తీసుకుని చూడండి. పిల్లకు షౌక్ ఉందా లేదా అన్నది సెలవులన్నీ ఖర్చు పెట్టకుండానే తెలుస్తుంది.

ఇన్ని చెప్పినా నా వోటు గుల్మార్గ్‌కే. కారణం జబాన్. మనం ఉర్దూ మాట్లాడతాం, అక్కడి ఉస్తాద్ ఉర్దూ మాట్లాడతాడు. "వజన్ ఆగే దో, ఘుట్నే మోడో" అన్న మాట అమ్మీకి కూడా ఒక్కసారికే అర్థమవుతుంది. మన దక్నీ "నక్కో" విని వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీయండి. భయంతో వాలు మీద నిలబడ్డ మనిషికి ఇంటి భాషలో చెప్పేవాడు దొరకడం చిన్న నేమత్ కాదు. అక్కడి హునర్ కూడా మామూలుది కాదు. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌కు మన దేశం తరఫున వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్ తంగ్‌మార్గ్ వైపు పిల్లవాడు. ఆయన ఆట స్కీ. ఆడిన మంచు మాత్రం ఇదే.

ఇక తారీఖులు. కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. గట్టి చలి, గట్టి మంచు కాలం. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, పది రోజులు చిల్లై బచ్చా. లెక్కప్రకారం జనవరి సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచు బాగుండాలి. ఇప్పుడా లెక్క తప్పుతోంది. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానం గడ్డితో కనపడింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతకాల ఆటలు మంచు లేక మార్చికి జరిగాయి. మనకు ఇంకో లెక్క కూడా ఉంది. చాంద్ ప్రకారం 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారానికి, 2028లో జనవరి చివరికి వస్తుంది. రోజా ఉండి చలిలో రోజంతా పడిలేవడం పిల్లలకు మంచిది కాదు. సంక్రాంతి సెలవులు, రంజాన్, మంచు, ఈ మూడూ చూసుకుంటే మనకు మిగిలేది జనవరి నడిమి పది పదిహేను రోజులు. అందుకే హోటల్, విమానం రెండూ మార్చుకోవడానికి వీలున్నవే బుక్ చేయండి. మంచు పడలేదని తెలిసీ పైసలు పోతాయని బయల్దేరడం కన్నా వాపస్ రాకపోయే పైసలే సస్తా.

బోర్డు మాటకొద్దాం. బోర్డు, బైండింగులు, బూట్లు కలిపి కొత్తవి కొంటే యాభై వేలు సులువుగా దాటుతుంది. ఏడాదిలో నాలుగు రోజులు వాడి మిగతా రోజులు అల్మారా మీద పెట్టేదానికి అంత పైసా ఇస్రాఫ్ అని నేనంటాను. గుల్మార్గ్‌లో కిరాయికి దొరుకుతాయి. అన్నీ ఒకలా ఉండవు. అందుకని ముందు రోజు సాయంత్రమే దుకాణానికి పోయి తీరిగ్గా చూడండి. కొత్తవాళ్లకు మెత్తగా వంగే బోర్డు కావాలి, పొడవు కొంచెం తక్కువే మేలు. గడ్డం దాకా ఉండాలనేది అందరూ చెప్పే కొలత. అసలు లెక్క మాత్రం మనిషి బరువుది. పాదాలు పెద్దవైతే వెడల్పు బోర్డు అడగండి, లేకపోతే బూటు కొసలు మంచుకు తగిలి పడేస్తాయి. పొడి మంచు కోసం చేసిన పొడుగు, వెడల్పు బోర్డులు దుకాణాల్లో దర్జాగా నిలబడి ఉంటాయి. అవి పైకి పోయేవాళ్లవి. అంచుల ఇనుము తుప్పు పట్టిందా, బైండింగు స్క్రూలు బిగువుగా ఉన్నాయా, పట్టీల పళ్లు పట్టుకుంటున్నాయా చేత్తో చూడండి. ఎడమ కాలు ముందా, కుడి కాలు ముందా అన్నది తేల్చి బైండింగులు దానికి తగ్గట్టు బిగించమనండి.

అన్నిటికన్నా బూట్లు ముఖ్యం. మోకాలు వంచినప్పుడు మడమ లేవకూడదు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగిలీ తగలనట్టుండాలి. లోపల ఒకే జత ఉన్ని సాక్సు. రెండు జతలు వేస్తే కాలు నలిగి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. కొనాలనే ఉబలాటం ఆగకపోతే బోర్డు కాదు, మణికట్టు గార్డులు కొనండి. కొత్తవాళ్లు ఎక్కువగా విరగ్గొట్టుకునేది మణికట్టే. నీళ్లు పట్టని చేతి గ్లౌజులు, హెల్మెట్, కంటి గాగుల్స్. జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు. గంటలో తడిసి ఐసు అవుతుంది.

ఇప్పుడు ఆడపిల్లల మాట. "పర్దా ఎట్లా?" అని అడుగుతారు. నిజానికి ఇంతకన్నా ఒళ్లంతా కప్పే ఆట ఇంకోటి నేను చూడలేదు. వదులు ప్యాంటు, వదులు జాకెట్, తల మీద హెల్మెట్, మెడకు గేటర్, కళ్లకు గాగుల్స్. దూరం నుంచి ఎవరు బేటానో ఎవరు బేటీనో తెలియదు. ఒక్కటే జాగ్రత్త. దుపట్టా కొంగు బయట వేలాడకూడదు, లిఫ్టులో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. హెల్మెట్ కింద పట్టే బిగుతు హిజాబ్ వేసుకుని కొసలు జాకెట్ లోపల పెట్టుకోవాలి. ఇరాన్‌లో టెహ్రాన్ పైన డిజిన్ వాలుల మీద ఆడపిల్లలు ఎన్నో ఏళ్లుగా బోర్డుల మీద జారుతున్నారు. ఆడ ఉస్తాద్ కావాలనుకుంటే బుకింగ్ అప్పుడే అడగండి, తక్కువమందే ఉన్నారు. దొరకకపోతే అబ్బా పక్కనే ఉండి తానూ నేర్చుకోవచ్చు.

పర్దా అసలు సబబ్ కాదని నా అనుమానం. కొడుకు పడితే "మర్ద్ బచ్చా" అంటాం, బేటీ పడితే "హాయ్ అల్లా, చెయ్యి విరిగితే రిష్తా ఎట్లా" అంటాం. ఆమె చేతికి ఫోనిచ్చి వీడియో తీయమనేది అందుకే. రసూలుల్లా హజ్రత్ ఆయిషాతో పరుగు పందెం వేశారని హదీసు కితాబుల్లో ఉంది. పరుగు ఆమెకు తగనిదని ఆయన అనుకోలేదు. మన ఇళ్లలో బేటీలు చదువుకుంటున్నారు, నౌకరీలు చేస్తున్నారు. పడి లేవడం అనే ఒక్క చదువు మాత్రం ఇంకా బేటాలకే రిజర్వు చేసి పెట్టాం.

హద్దు గీయాల్సిన చోటు వేరే ఉంది, అది అందరికీ ఒకటే. రెండో దశ గొండోలా ఎక్కి బోర్డు మీద దిగడం నేర్చుకునేవాళ్లకు హరామ్ అన్నంత గట్టిగా చెప్పండి. 2010 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ దగ్గర మంచు చరియ కింద పదిహేడు మంది జవాన్లు చనిపోయారు. 2023లో అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024లో ఒక రష్యన్ ఇలాగే పోయారు. అనుభవం ఉన్నవాళ్లు కూడా అక్కడికి గైడుతో, మంచులో పూడిపోతే జాడ చెప్పే ట్రాన్స్‌సీవరుతో, పారతో, గుచ్చి వెదికే కడ్డీతో పోతారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి దోస్తుల ముందు షాన్ కావాలి. వాణ్ని ఆపేది ముందే ఇంట్లో తీసుకున్న వాదా ఒక్కటే.

చివరగా కూలి మాట. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన జుల్మ్ తర్వాత కశ్మీర్ లోయకు జనం రావడం బాగా తగ్గిపోయింది. గుర్రంవాడు, స్లెడ్జి లాగేవాడు, ఉస్తాద్, హోటల్ పిల్లవాడు, అందరి ఏడాది సంపాదనా ఆ సీజన్ మీదే. యాభై వేల బోర్డుకు బేరం ఆడనివాడు ఉస్తాద్ దగ్గర మూడు వందలకు గంటసేపు వాదిస్తాడు. రేటు ముందే సాఫ్‌గా మాట్లాడుకోండి, ఎన్ని గంటలో, ఎంతమందికో తేల్చుకోండి, ఆ తర్వాత చెమట ఆరకముందే చేతిలో పెట్టండి. ఆ మంచులో చెమట ఎక్కడిదని అడగకండి. నలుగురు కొత్తవాళ్లను రోజంతా లేపి నిలబెట్టినవాణ్ని అడిగితే చెప్తాడు.

"ఇదంతా మనలాంటివాళ్లకు అవసరమా భయ్యా?" అనేవాళ్లూ ఉంటారు. పిల్లల ఫీజు ఆపి, అప్పు చేసి పొమ్మని నేననను. కుదిరిన ఇల్లు మాత్రం పోవాలి, ఇంటిల్లిపాదీ నేర్చుకునేలా పోవాలి. ఈ శీతకాలం ప్లాన్ వేస్తుంటే దస్తర్‌ఖ్వాన్ ఎత్తేశాక ఒక కాగితం తీసుకోండి. వాలు మీద ఎన్ని రోజులు, ఉస్తాద్‌తో ఎన్ని గంటలు, ఎంతమంది నేర్చుకుంటారు అన్నవి ముందు రాయండి. బేటీ పేరు రాశాకే మొత్తం లెక్క వేయండి. బోర్డు దగ్గర "కిరాయి" అని ఒక్క ముక్క రాస్తే చాలు.