అడిగిన ప్రశ్నకు విలువ లేదా?

మా అనంతపురం జిల్లాలో ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే జనం చేరతారు. పింఛను ఆగిందని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఒకరు, పొలం ఆన్‌లైన్‌లో ఎక్కలేదని ఇంకొకరు. అన్నీ న్యాయమైన అక్కరలే. ఐదేళ్ల తర్వాత ఓటు వేసేటప్పుడూ ఇవే లెక్కకొస్తాయి. రోడ్డు వేయించాడా, బోరు వేయించాడా, పెళ్లికి పిలిస్తే వచ్చాడా, చావుకు పలకరించాడా? "సభలో మా గురించి ఏం అడిగావు?" అని నిలదీసినవారు మాత్రం నాకు కనపడలేదు. శాసనసభ్యుడికి అసలు పని అదేనన్న సంగతి ఓటు వేసేవారూ మరిచిపోయారు, వేయించుకునేవారూ మరిచిపోయారు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

సభలో వేసే ప్రశ్న కాగితం చాలా చిన్నది. పైన నంబరు, పక్కన మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాలని తెలిపే నక్షత్రం గుర్తు, సభ్యుడి పేరు, ఫలానా శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా అని ఒక వాక్యం, కింద అ, ఆ, ఇ, ఈ అని నాలుగు ముక్కలు. ఈ ఖరీఫ్‌లో వేరుశనగ ఎన్ని ఎకరాల్లో ఎండింది? ఎంతమందికి పరిహారం మంజూరైంది? ఎంతమంది ఖాతాల్లో పడింది? మిగిలినవారికి ఎప్పుడు పడుతుంది? అంతే. ఆ కాగితం సచివాలయంలో బయల్దేరి కమిషనర్ ఆఫీసుకు, అక్కడి నుంచి కలెక్టరేటుకు, చివరికి మండల వ్యవసాయాధికారి బల్ల మీదికి దిగుతుంది. అప్పటిదాకా ఎవరూ కూడని అంకెలను అప్పుడు కూర్చుని కూడతారు. మంత్రి చదివిన జవాబు సభ రికార్డుకెక్కుతుంది. తెలిసి తప్పు చెబితే సభా హక్కుల తీర్మానం ఎదుర్కోవాలి. వివరాలు సేకరించి చెబుతామంటే అదీ హామీ కిందే నమోదై హామీల కమిటీ ముందుకు పోతుంది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మంచిదే కానీ, ఆ దరఖాస్తుకు జవాబిచ్చేది ఒక అధికారి. ఇక్కడ జవాబు చెప్పేది ప్రభుత్వం. పైగా ఆ జవాబు మీద అక్కడికక్కడే లేచి మళ్లీ అడగొచ్చు.

ఈ హక్కు ఎవరూ పిలిచి ఇచ్చింది కాదు. 1892 చట్టం వచ్చేదాకా మనవాళ్లకు శాసన మండళ్లలో ప్రశ్న వేసే వీలే లేదు. వచ్చిన జవాబు మీద అనుబంధ ప్రశ్న వేసే వీలు 1909లో గానీ దక్కలేదు. ఇంత కష్టపడి సంపాదించిన దానిని ఇవాళ మనం ఒక లాంఛనంలా చూస్తున్నాం.

కాలువ కింది పల్లెలకు ఈ ప్రశ్నల గోల అంతగా పట్టకపోవచ్చు. మాకు అంకె అంటే అన్నమే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి నీరసపడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. అది కూడా ఒక ఊళ్లో కురిస్తే పక్క ఊళ్లో కురవదు. జూన్, జులైలో పదును చూసి వేరుశనగ విత్తనం వేస్తాం. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే నేల గట్టిపడిపోతుంది. అప్పుడు కూడా చెట్టు పచ్చగానే కనపడుతుంది. రోడ్డు మీద కారులో పోయే కరువు బృందానికి పంట బాగున్నట్టే అనిపిస్తుంది. దిగి ఒక చెట్టు పీకి చూస్తే తెలుస్తుంది. మట్టిలోకి దిగలేని ఊడలు పైనే ఎండి వేలాడుతుంటాయి, నాలుగైదు కాయలుంటే అందులో సగం లొట్టలు. రైతుకు మిగిలేది పశువులకు వేసే కట్టె ఒక్కటే.

ఆ నష్టాన్ని తేల్చేది పంట కోత ప్రయోగం. ఎంచిన పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, మూలల్లో మేకులు పాతి, చుట్టూ తాడు కడతారు. లోపలి చెట్లన్నీ పీకి, మట్టి దులిపి, కాయలు కోసి తూకం వేస్తారు. ఇలాంటి కొన్ని తూకాల మీదే ఆ ప్రాంతపు రైతులందరి బీమా ఆధారపడుతుంది. ఏ పొలాలు ఎంచారు, ఎన్ని ఎంచారు, యూనిట్ మండలమా గ్రామమా, ఏ ఏళ్ల దిగుబడితో పోల్చారు? వీటిలో ఏ ఒక్కటి మారినా రావాల్సిన డబ్బు రాకుండా పోతుంది. రైతు ఒక్కడే పోయి ఈ లెక్క చూపమంటే చూపేవారు లేరు. బ్యాంకులో అడిగితే కంపెనీని అడగమంటారు, కంపెనీ వాళ్లు వ్యవసాయ శాఖను అడగమంటారు. పథకాలు మారినప్పుడల్లా ఈ తిప్పట ఇంకా పెరుగుతుంది. కేంద్రం ఫసల్ బీమాను 2016లో తెచ్చింది. 2020లో మన రాష్ట్రం దాని నుంచి బయటికొచ్చి సొంత ఉచిత బీమా పెట్టింది, 2022లో మళ్లీ చేరింది. ఏ ఏడాది బకాయి ఎవరి నెత్తిన ఉందో రైతుకు చెప్పేదెవరు? సభలో ప్రశ్న పడితే మాత్రం బ్యాంకు, కంపెనీ, శాఖ ముగ్గురి లెక్కలూ ఒకే కాగితం మీదికి రాక తప్పదు.

చావుల లెక్కా అంతే. రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సాయం అందించడానికి 2004లో 421 నంబరు జీవో వచ్చింది. అప్పట్లో లక్షన్నర, తర్వాత 5 లక్షలు, ఆ తర్వాత 7 లక్షలు అయింది. కానీ ఆ చావు నిజంగా వ్యవసాయ అప్పుల వల్లేనని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసి తేల్చాలి. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతు భార్య అప్పు కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ఊళ్లో వడ్డీకి ఇచ్చినవాడు కాగితం రాస్తాడా? ఇక జాతీయ నేర గణాంకాల సంస్థ 2014 నుంచి సాగుదారులను వేరుగా, వ్యవసాయ కూలీలను వేరుగా లెక్కపెడుతోంది. ఎందరు చనిపోయారు, ఎందరిని రైతులుగా ఒప్పుకున్నారు, తిరస్కరించిన దరఖాస్తులెన్ని, ఏ కారణంతో? మండలాల వారీగా ఈ ప్రశ్న ప్రతి సమావేశంలోనూ పడాలి. పడితేనే ఆ ఇళ్ల పేర్లు ఫైళ్లలోంచి బయటికొస్తాయి.

నీళ్ల సంగతి చూడండి. తుంగభద్ర జలాశయం కట్టిననాడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇవాళ 105 టీఎంసీల చుట్టూ ఉంది. ఎగువ కాలువలో మాకు కేటాయించింది ఎంత, వచ్చింది ఎంత అన్న తేడాలోనే మా ఆయకట్టు సగం ఎండుతోంది. హంద్రీ నీవా కోసం మాల్యాల దగ్గర కృష్ణా జలాలు ఎత్తిపోసి 2012లో జీడిపల్లికి తెచ్చారు. 40 టీఎంసీలతో నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలు తడుపుతామన్నారు. పెద్ద కాలువలో నీళ్లు పోతుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నాం. పొలాల్లోకి పారించే పిల్ల కాలువలు ఎన్ని కిలోమీటర్లు తవ్వారు, నిజంగా తడిసిన ఎకరాలెన్ని? ఇది అడగాల్సింది మేం కాదు. మేం ఎన్నుకుని పంపినవారు.

ఇలా అడగడం మా మట్టికి కొత్తేమీ కాదు. తరిమెలలో 1917లో పుట్టిన నాగిరెడ్డి భూస్వామి ఇంటి బిడ్డ. రిషి వ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. యుద్ధకాలపు ఆర్థిక స్థితి మీద చిన్న పుస్తకం రాసినందుకు 1940లో జైలుకు పోయారు. 1952లో అనంతపురంలో స్వయానా బావ నీలం సంజీవరెడ్డినే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. 1957లో లోక్‌సభకు, 1962లోనూ 1967లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభకు గెలిచారు. అంకెలతో మాట్లాడతారని, కాగితం లేకుండా లేవరని ఆయనకు పేరు. నాగిరెడ్డి లేస్తే ఫైళ్లు దగ్గర పెట్టుకోవాల్సిందేనన్నది ఆనాటి మాట. ఓడిపోయిన ఆ బావగారు తర్వాత లోక్‌సభ స్పీకరై, పార్టీ సభ్యత్వం వదులుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు. ప్రశ్న అడిగే గొంతునూ, ప్రశ్నోత్తరాలు నడిపించే కుర్చీనీ దేశానికి ఇచ్చిన కరువు జిల్లా ఇది. మరి మనం ఏం గుర్తుపెట్టుకున్నాం? ఒకరిని రాష్ట్రపతిగా, ఒకరిని విప్లవకారుడిగా. వర్ధంతి సభల్లో నాగిరెడ్డి త్యాగం గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఆయన సభలో చేసిన చాకిరీ గురించి మాట్లాడేవారు తక్కువ.

ఇక్కడ ఒక మాట వినపడుతుంది. ఆయనే కదా ఈ సభ వల్ల ప్రజలకు ఒరిగేదేమీ లేదని 1969లో రాజీనామా చేసి బయటికొచ్చింది? నిజమే. అది ఆయన నిర్ణయం, దానికి మూల్యం కూడా ఆయనే చెల్లించారు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్ కుట్ర కేసులో ముద్దాయిగా నిలబడి ఆయన కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే ఆయన మరణం తర్వాత 'తాకట్టులో భారతదేశం'గా వెలువడింది. అందులో పేజీ పేజీకీ ప్రణాళికల లెక్కలు, విదేశీ అప్పుల లెక్కలు, భూముల లెక్కలు. ఏ ప్రభుత్వాన్ని ఆయన తప్పుపట్టారో ఆ ప్రభుత్వ నివేదికలనే సాక్ష్యానికి పిలిచారు. సభను వదిలారు గానీ, సభలో అలవడిన పట్టు వదల్లేదు. ఆయన దారితో ఏకీభవించనివారు కూడా ఆ పట్టును తమదిగా చేసుకోవచ్చు.

అధికార పక్షంలో ఉన్నాం, సొంత ప్రభుత్వాన్ని ఎలా అడుగుతామన్నది ఇవాళ వినపడే సాకు. నాగిరెడ్డి కూర్చున్న ఆ రెండో లోక్‌సభలోనే దీనికి జవాబుంది. ఎల్‌ఐసీ 1 కోటి 24 లక్షల రూపాయలు ముంద్రా కంపెనీల షేర్లలో పెట్టిన వ్యవహారం 1957లో మామూలు ప్రశ్నగా మొదలైంది. ఫిరోజ్ గాంధీ దాన్ని పట్టుకుని వదల్లేదు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోవాల్సి వచ్చింది. ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని అల్లుడు. సొంత మంత్రిని అడగడానికి ఆయనకు ఏ మొహమాటమూ అడ్డురాలేదు.

2024 ఎన్నికల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా 14 స్థానాలూ అధికారంలోకి వచ్చిన కూటమికే పోయాయి. 2019లో 12 అప్పటి అధికార పక్షానివి, రెండే ప్రతిపక్షానివి. ఆ ఇద్దరిలో ఒకరైన ఉరవకొండ సభ్యుడు పయ్యావుల కేశవ్ ప్రజా పద్దుల కమిటీ అధ్యక్షుడిగా 2021లో 41 వేల కోట్ల రూపాయల చెల్లింపుల లెక్కల మీద గవర్నర్ దాకా వెళ్లి అడిగారు. ప్రభుత్వం కాదంది, వాదన నడిచింది. రాష్ట్రం లెక్కల గురించి మాట్లాడుకుంది. ఇవాళ ఆయనే ఆర్థిక మంత్రి. మరిప్పుడు మా జిల్లా తరఫున ఆయనను అడిగేదెవరు? ప్రతిపక్షం వైపు చూద్దామంటే 2017లో ఒక పార్టీ సభను బహిష్కరించింది, 2021లో మరో పార్టీ నేత ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లిపోయారు, 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని మళ్లీ ఖాళీ బెంచీలే. ఎవరి కారణాలు వారికి ఉండొచ్చు. ఆ రోజుల్లో అడగకుండా పోయిన ప్రశ్నలు మాత్రం మావి.

అడగకపోతే ఏమవుతుందో 2020 చెప్పింది. కరోనా పేరుతో ఆ వర్షాకాల సమావేశాల్లో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడుస్తూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, సెప్టెంబరు 14న కార్మిక శాఖ ఇచ్చిన జవాబు: అలాంటి గణాంకాలు లేవు, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు. కదిరి నుంచి, తలుపుల నుంచి, నల్లచెరువు నుంచి బెంగళూరుకూ కేరళకూ మూటాముల్లె సర్దుకుని పోయే మా జనం ఆ జవాబులో ఉన్నారు. లెక్కలో లేనివాడికి పరిహారం లేదు. మంత్రి లేచి నిలబడి అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాల్సి ఉంటే ఆ రెండు ముక్కలతో సరిపోయేదా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ మాటేమో గానీ, ప్రభుత్వం విషయంలో అది అక్షరాలా నిజం. అందుకే చేతులెత్తి అడుగుతున్నాను. మా 14 మంది సభ్యులారా, మీది ఏ పార్టీ అయినా సరే, ప్రతి సమావేశంలోనూ వేరుశనగ బీమా, రైతు చావులు, హంద్రీ నీవా పిల్ల కాలువలు, వలసలు, ఈ నాలుగింటి మీదా ఒక్కొక్క నక్షత్రం గుర్తు ప్రశ్న వేయండి. సభ వాయిదా పడి అది రాతపూర్వక జవాబుగా మారినా పర్వాలేదు, ఆ కాగితం మాకు చేర్చండి. పత్రికలవారూ, సభలో ఎవరు ఎవరిని తిట్టారో రాసే చోట ఎవరు ఏం అడిగారో, ఏం జవాబు వచ్చిందో నాలుగు వాక్యాలు రాయండి. కాలేజీల్లో రాజనీతిశాస్త్రం చెప్పే అయ్యవార్లూ, నాగిరెడ్డి సభా ప్రసంగాలు పిల్లల చేత చదివించండి. ఓటు వేసే అన్నలూ, అక్కలూ, ఈసారి ఎమ్మెల్యే మీ ఊరికొస్తే బోరు అడగండి, రోడ్డు అడగండి. దాంతోపాటు సభలో మన గురించి ఏ రోజు ఏం అడిగాడో, మంత్రి ఏం చెప్పాడో చూపించమని కూడా అడగండి. చూపించినవారిని గెలిపించుకుందాం. చూపించలేనివారికి ఎన్ని రోడ్లు వేసినా మన ఓటు ఊరికే రాదని తెలియజేద్దాం.